అట్ట చాటున మా నాయిన ఓటు

ఓటెయ్యకుండ ఉండగలగడం కూడ ఒక స్తోమతే. ఈ మాటంటే నా దోస్తులు కొందరికి కోపమొస్తది. రానీ.

స్వేచ్ఛ కావాల్నన్నోడు ఎన్నికలనాడు ఇంట్ల కూసోవాలె, ఎందుకంటే ఓటేసుడంటే నీ నెత్తిన ఎక్కి కూసునేటోన్ని నువ్వే నిచ్చెనేసి ఎక్కించుడు అనే వాదన నేను రెండు నోళ్ల నుంచి విన్న. ఎనబై దశకంల అఫ్జల్‌గంజ్ సెంట్రల్ లైబ్రరీ మెట్ల మీద కూసోని రాడికల్ విద్యార్థులు చెప్పంగ విన్న. ఇప్పుడు పెద్ద చదువులు చదివి, పెద్ద జీతాలు తీసుకుంటూ, సర్కారంటేనే గిట్టని పిల్లలు చెప్పంగ వింటున్న. మొదటోళ్లకు ఎన్నికలు బూటకం. రెండోవాళ్లకు అది పనికిరాని లెక్క. లక్షల ఓట్లల్ల నా ఒక్క ఓటు పడితే ఎంత, పడకపోతే ఎంత అంటరు. లెక్కల ప్రకారం వాళ్లది తప్పు గాదు. ఒక్క ఓటుతోని తారుమారైన ఎన్నికలను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అయితే ఈ రెండు రకాలోళ్లకు ఒక పోలిక ఉన్నది. ఓటు అనేది గాలి లెక్క, నీళ్ల లెక్క పుట్టంగనే వచ్చిందని వీళ్లు అనుకుంటరు. మాకు గాలి నీళ్లే అట్ల రాలె. నీళ్లు ఎన్ని గజాల దూరం నుంచి పోసిన్రో మా అవ్వనడగాలె.

మాది పాలమూరు దిక్కు ఊరు. మాదిగోళ్లం. మా తాత ఎన్నడూ ఓటెయ్యలె అని చెప్పలేను, ఎందుకంటే లిస్టుల మా తాత పేరున ఓటు పడ్డది. పొద్దుగాలనే పటేలు మనిషి వాడకట్టుకొచ్చి, "మీయి పడ్డయి, పనికి పోండ్రి" అనేటోడట. మా తాత ఎడ్లు తోలుకొని పనికి పోయేటోడు. దేశానికి స్వరాజ్యమొచ్చి, రాజ్యాంగమొచ్చి, ఇరవై ఒక్క ఏండ్లు నిండిన ప్రతి మనిషికి ఓటుందని 326వ అధికరణం రాసి పెట్టినంక సంగతి ఇది. మా తాతకు ఆ అధికరణం తెల్వదు. పటేలుకు తెలుసు. తెలుసు కాబట్టే పొద్దుగాల అంత తొందరగ మనిషిని తోలేటోడు.

మా నాయిన 1960 ప్రాంతంల గౌలిగూడ బస్టాండుల దిగిండు. ఆ రేకుల షెడ్డు బస్టాండు ఇప్పుడు లేదు, 2018ల కూలిపోయింది. దిగినోడు దిగినట్టే ఉస్మాన్‌గంజ్‌ల బస్తాలు మోసే పనిల చేరిండు. చేతిల కొండి, నెత్తికి తువ్వాల. బస్తాకింత లెక్క, ముకద్దంకు అండ్ల కోత. మేము మూసీ ఒడ్డున రెండు గజాల గుడిసెల ఉన్నం. అమ్మ ఊడ్చే పనికి పోయేది. నేను పుట్టింది ఆ గుడిసెలనే.

1967 ఎన్నికలొచ్చినయి. గంజ్‌ల సేట్లు హమాలీలను పిలిచి చెప్పిన్రు, కాడెద్దులకే గుద్దాలె అని. మా నాయిన పనిచేసే దుకాణం సేటు ఇంక కొంచెం ముందుకు పోయిండు. "అందరు తల మీద చెయ్యి పెట్టుకోని చెప్పుండ్రి" అన్నడు. మా నాయిన చెయ్యి పెట్టుకోని చెప్పిండు. పొయ్యి వరసల నిలబడ్డడు. వరసల ముందట దడ్వాయి, ఎనుక సేటు దుకాణం గుమాస్తా, నడుమ మా నాయిన. చీటీ తీసుకోని అట్ట చాటుకు పోయిండు. అక్కడ ఏ గుర్తు మీద ముద్ర గుద్దిండో నాకు తెల్వదు. మా అమ్మకు తెల్వదు. సచ్చిందాక ఎవ్వరికి చెప్పలె. ఒక్కటే మాట అనేటోడు: "సేటుకు చెప్పింది మాత్రం ఎయ్యలె."

స్వేచ్ఛ గురించి పుస్తకాలు నేను చాన సదివిన. ఆ మాటను మించి స్వేచ్ఛను నాకు చెప్పిన పుస్తకం తక్కువ. ఊర్ల దొర ముందట, గంజ్‌ల సేటు ముందట, మునిసిపాలిటీ జమేదారు ముందట నిజమే చెప్పాల్సిన మనిషికి అబద్ధం ఆడే జాగ ఒక్కటి దొరికింది. రెండడుగుల జాగ. దానికి అట్ట అడ్డం. అండ్ల ఇంకో మనిషికి ప్రవేశం లేదు. ఇంటికి తలుపే లేని మనిషికి ఆ చాటు ఎంతో మీరే ఆలోచించుండ్రి. ఓటు ఎవలకు పడ్డదన్నది ఒక సంగతి. ఎవలకు పడ్డదో ఎవ్వడికీ తెల్వకపోవడం ఇంకో సంగతి. రాజనీతి శాస్త్రం పుస్తకాలు మొదటిదాని మీద వందల పేజీలు రాస్తయి. మా బతుకుల రెండోదే పెద్దది.

నేను లైబ్రరీకి పోవుడు మొదలుపెట్టింది ఇంటర్ల. 1891ల అసఫియా లైబ్రరీగ పుట్టి, 1936ల మూసీ ఒడ్డున ఈ బిల్డింగులకు వచ్చిన లైబ్రరీ అది. ఫ్యాన్ కింద కుర్చీ ఉంటది, ఎవ్వడు లేపడు అని పోయేటోన్ని ముందుగాల. తర్వాత అంబేద్కర్ దొరికిండు.

1919ల సౌత్‌బరో కమిటీ ముందు సాక్ష్యం చెప్పడానికి పోయినప్పుడు అంబేద్కర్‌కు ఇరవై ఏడేండ్లు. అంటరానివాళ్లకు ఓటు ఇవ్వాలని, వాళ్ల ప్రతినిధులను వాళ్లే ఎన్నుకోవాలని అడిగిండు. ఆ కాలంల ఓటు అంటే ఆస్తి ఉన్నోనిది, పన్ను కట్టేటోనిది, చదువుకున్నోనిది. బానిసకు ఆస్తి ఉండనియ్యరు, చదువుకోనియ్యరు, ఆ రెండూ లేవు గనుక ఓటు లేదంటరు. 1928ల సైమన్ కమిషన్ ముందు వయోజనులందరికీ ఓటు కావాల్నని అడిగిండు. అప్పటికి మన దేశభక్తులు సైమన్ వెనక్కి పో అని నల్లజెండాలు ఎగరేస్తున్నరు. మావాళ్లు పోయి ఓటు అడిగిన్రు. దీని మీద ఇప్పటికీ దెప్పేటోళ్లు ఉన్నరు. దెప్పనీ, తెల్లోడైనా నల్లోడైనా ఓటు ఎవలి చేతిల ఉంటే వాన్నే అడుగుతరు.

తర్వాత 1932. బ్రిటిష్ ప్రధాని ఇచ్చిన కమ్యూనల్ అవార్డుల మాకు రెండు ఓట్లు దక్కినయి. ఒకటి మా మనిషిని మేమే ఎన్నుకునే ఓటు, ఇంకొకటి అందరితోని కలిసి ఏసే ఓటు. గాంధీ ఎరవాడ జైల్ల నిరాహారదీక్షకు కూసున్నడు. సెప్టెంబర్ 24న పూనా ఒడంబడిక మీద సంతకాలైనయి. సీట్లు 148కి పెరిగినయి, రెండో ఓటు పోయింది. సీట్ల లెక్క చూసినోళ్లు లాభమన్నరు. అంబేద్కర్ ఓటు లెక్క చూసిండు. మా సీటుల గెలిచేటోన్ని ఊరంత కలిసి ఎన్నుకుంటే, ఊర్ల ఎక్కువున్నోళ్లకు నచ్చిన మాలోడు, నచ్చిన మాదిగోడు గెలుస్తడు గానీ మాకు నచ్చినోడు గెలుస్తడన్న నమ్మకం లేదు. రిజర్వుడు సీటు నుంచి పోయినోడు మా మీద దాడి జరిగినా అసెంబ్లీల నోరెందుకు తెరవడని ఇయ్యాల మీరు అడుగుతరు గదా, దాని జవాబు 1932ల ఉన్నది. మా అఫ్జల్‌గంజ్ అయితే రిజర్వుడు కూడ కాదు, జనరల్ సీటు. ఇక్కడ మా ఓట్లు ఒక గల్లీల నూరు, ఇంకో గల్లీల యాబై. చెల్లాచెదురైన ఓటును ఎవడు లెక్కజేస్తడు?

హైదరాబాదు సంస్థానం కథ ఇంకో తీరు. నిజాం రాజ్యంల అసలు ఓటే లేకుండె. 1893ల పెట్టిన శాసనసభల జాగీర్దార్లకు, వకీళ్లకు నాలుగు సీట్ల ఎన్నిక తప్ప మామూలు జనానికి దిక్కు లేదు. అయినా మాదరి భాగ్యరెడ్డి వర్మ ఊరుకోలె. 1906ల జగన్మిత్ర మండలి పెట్టిండు, 1911ల మన్యసంఘం పెట్టిండు, బడులు పెట్టిండు. 1917ల బెజవాడల పంచమ సభకు అధ్యక్షుడైతే ఆ సభ పేరునే ఆది ఆంధ్ర సభ అని మార్పిచ్చిండు. ఓటు లేని రాజ్యంల ఆయన పట్టుకున్న పని ఏందంటే, లెక్క. మమ్ముల మా పేరుతోని లెక్కపెట్టుండ్రి అని పోరిండు. 1931 జనాభా లెక్కలల్ల నిజాం సర్కారు ఆది హిందువులని రాసింది. ఆ మీద ఎనిమిదేండ్లకు, 1939ల, ఆయన పోయిండు. ఒక్క ఓటు కూడ చూడలె. అయితే ఓటుకు ముందుగాల తల లెక్కకు రావాలె, తలకొక పేరుండాలె. ఆ పని ఆయన చేసి పోయిండు.

ఆయన పోయిన పదమూడేండ్లకు, 1952ల, హైదరాబాదు రాష్ట్రంల మొదటి ఎన్నికలైనయి. ఒక్కొక్క గుర్తుకు ఒక్కొక్క డబ్బా. మావాళ్లు ఏనుగు డబ్బా వెతుక్కున్నరు. ఏనుగు అంబేద్కర్ షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ గుర్తు. బొంబాయిల అంబేద్కర్ ఓడిపోయిండు. రాజ్యాంగం రాసిన మనిషిని, ఆ రాజ్యాంగం కింద జరిగిన మొదటి ఎన్నికల్లనే ఓడగొట్టిన్రు. అయితే మన కరీంనగర్ నుంచి ఫెడరేషన్ మనిషి ఎం.ఆర్. కృష్ణ పార్లమెంటుకు గెలిచిండు. దేశం మొత్తం మీద ఆ పార్టీకి వచ్చిన రెండు లోక్‌సభ సీట్లల్ల ఒకటి అది. ఎట్ల గెలిచిండు? కమ్యూనిస్టుల పీడీఎఫ్‌తోని పొత్తు ఉండె. సాయుధ పోరాటంల దొరల గడీలు కూలిన జాగల్ల పటేలు మనిషి పొద్దుగాల వచ్చి "మీయి పడ్డయి" అనే ధైర్యం చెయ్యలె. ఓటు, పోరాటం రెండు వేరే తొవ్వలని చెప్పేటోళ్లు ఈ సంగతిని జర ఆగి చూడాలె. అక్కడ పోరాటం జరిగింది కాబట్టి ఓటు ఓటయింది. మా పాలమూరు ఊర్ల జరగలె కాబట్టి మా తాత ఎడ్లు తోలుకుపోయిండు.

సికింద్రాబాదు చిలకలగూడల పుట్టిన జె. ఈశ్వరీబాయి పేరు మా అమ్మ నోట విన్న. 1951ల మునిసిపాలిటీకి గెలిచి, 1967ల ఎల్లారెడ్డి నుంచి రిపబ్లికన్ పార్టీ తరఫున, 1972ల మళ్ల అక్కడి నుంచే అసెంబ్లీకి పోయింది. అసెంబ్లీల ఒక్కతే నిలబడి మాట్లాడేదని బస్తీల చెప్పుకునేటోళ్లు. ఒక్కతే అన్న మాటల గొప్పతనమూ ఉన్నది, మా ఓటు బలమెంతో అదీ ఉన్నది.

ఇగ రాడికల్ దోస్తుల సంగతి. గోడల మీద ఎర్రరంగుల ఎన్నికలను బహిష్కరించమని రాసేటోళ్లు. వాళ్లు చెప్పే కారణాలు తేలికవి కావు. 1985 జూలై 17న కారంచేడుల ఆరుగురు మాదిగలను చంపిన్రు. 1991 ఆగస్టు 6న చుండూరుల ఎనిమిది మందిని చంపి గోనెసంచులల్ల కుక్కి కాలువల పడేసిన్రు. ఆ చచ్చిపోయినోళ్లు ఓటర్లు కాదా? వాళ్ల ఓట్లతోని గెలిచినోళ్లు ఏడున్నరు? చుండూరు కేసుల బొజ్జా తారకం లాంటి వకీళ్లు ఏండ్లకేండ్లు కొట్లాడితే ఊర్లనే ప్రత్యేక కోర్టు కూసున్నది, 2007ల శిక్షలు పడ్డయి. 2014ల హైకోర్టు అందర్నీ విడిచిపెట్టింది. ఆ హైకోర్టు మా అఫ్జల్‌గంజ్ కెదురుంగనే, నయాపూల్ దాటితే మూసీ అవతలి ఒడ్డున ఉంటది. లైబ్రరీ నుంచి గుమ్మటాలు కనపడుతయి. ఓటుతోని అది మారుతదా అని దోస్తు అడిగితే, మారదనే చెప్పిన. ఇప్పుడూ అదే చెప్త.

అయితే బహిష్కరణ ఎవరిని దేని నుంచి బయటకు పంపుతదో కూడ అడగాలె గదా. మా మాదిగ వాడకట్టు ఓట్లు బహిష్కరిస్తే పటేలు బాధపడతడా? వాడు ఎన్నడో బహిష్కరింపజేసిండు మమ్ముల. మా తాత ఓటు వాడే ఏసిండు. బహిష్కరణ పిలుపుకు పటేలు చేసిన పనికి డబ్బాల పడ్డ తేడా ఎంత? ఈ మాట నేనంటే అప్పట్ల నన్ను సంస్కరణవాది అన్నరు. కారంచేడు తర్వాత పుట్టిన దళిత మహాసభ ఈ ప్రశ్ననే పెద్ద గొంతుతోని అడిగింది. పీపుల్స్‌వార్ పెట్టిన ఇద్దరు పెద్దలల్ల ఒకడైన కె.జి. సత్యమూర్తి పార్టీలో కులం గురించి అడిగి, బయటికొచ్చి, చివరికి కాన్షీరాం బీఎస్పీ దాక నడిచిండు. తుపాకి పట్టమన్న మనిషి ఓటు సంచి భుజానేసుకున్నడని నవ్వినోళ్లు ఉన్నరు. నాకు నవ్వు రాలె. 1994 ఎన్నికలల్ల బీఎస్పీ మీద మా బస్తీల పెట్టుకున్న ఆశ ఇంతంత కాదు. గోడలన్నీ ఏనుగులే. ఒక్క సీటు రాలె.

అదే ఎన్నికలల్ల ఇంకొకటి జరిగింది, దాన్ని మన ఉద్యమ చరిత్రలు సగమే చెప్తయి. నెల్లూరు దూబగుంటల రోశమ్మ, ఆమె తోటి ఆడోళ్లు 1992ల సారా దుకాణాన్ని మూయించిన్రు. వారుణ వాహిని పేరుతోని సర్కారే ప్యాకెట్లల్ల సారా పోసిన కాలం. నిప్పు ఊరూర అంటుకున్నది. 1993 అక్టోబర్ 1 నుంచి సారా బంద్ అయింది. అది ఓటుతోని కాదు, చీపురు కట్టతోని. తర్వాత 1994 ఎన్నికలల్ల ఎన్.టి. రామారావు మొత్తం మద్యమే బంద్ చేస్తనన్నడు, ఆడోళ్లు గెలిపిచ్చిన్రు, 1995 జనవరి 16 నుంచి నిషేధం వచ్చింది. రెండేండ్లు. 1997ల ఎత్తేసిన్రు. చూసిన్రా, చీపురుతోని వచ్చింది నిలిచింది, సారా ప్యాకెట్ మళ్ల రాలె. ఓటుతోని వచ్చింది జారిపోయింది. మా అమ్మ మాత్రం ఆ రెండేండ్లను తీసి పారెయ్యొద్దు అనేది. ఆ రెండేండ్లల్ల మా బస్తీల నాలుగిండ్లకు రేకులు పడ్డయి. మా ఇంటికి ఒకటి.

2018 డిసెంబర్ 7న గద్దర్ ఓటేసిండు. అల్వాల్‌ల. బతుకుల మొదటిసారి. అప్పటికి డెబ్బైకి దగ్గర. తూప్రాన్‌ల అంటరానోళ్లింట్ల పుట్టి, ఓట్లన్నీ బూటకమని దేశమంత పాడి, 1997ల ఒంట్లకు తూటాలు దిగినా బతికి, ఒక తూటాను వెన్నుల మోస్తనే తిరిగిన మనిషి, పోలింగ్ బూత్ ముందట వరసల నిలబడ్డడు. ఆ ఫోటో పేపర్ల చూసి నా రాడికల్ దోస్తు ఒకడు ఫోన్ చేసిండు. చానసేపు ఏం మాట్లాడలె. "ముసలితనం" అన్నడు ఆఖరుకు. నేను ఒప్పుకోలె. రాజ్యాంగం ఉంటదా పోతదా అన్న భయం పుట్టినప్పుడు, రాజ్యాంగంల మా పాలు ఏదో అది చేతిల పట్టుకోవాల్ననిపిస్తది మనిషికి. అంబేద్కర్ 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభల చెప్పిందే గదా, రాజకీయంల మనిషికొక ఓటు, ఓటుకొక విలువ వస్తున్నది గానీ బతుకుల ఆ సమానత్వం లేదు, ఈ వైరుధ్యం పోకపోతే కట్టిన భవనమే కూలుతదని. ఆయన ఓటు చాలు అనలె. ఓటు వద్దు అనలె.

ఇక్కడ డబ్బు సంగతి చెప్పకపోతే అబద్ధమైతది. ఎన్నికలనాడు గంజ్ బందైతే హమాలికి ఆ రోజు కూలి లేదు. రోజు కూలోనికి కూడ ఆ రోజు జీతం కొయ్యొద్దని 1996ల చట్టం తెచ్చిన్రు, 135-బి అని సెక్షను. మూటకింత లెక్కన బతికే హమాలికి ఎవడు జీతగాడు, ఎవడు యజమాని? ఆ చట్టం ఉస్మాన్‌గంజ్ దాక నడిచి రాలె. అసుంటప్పుడు రాత్రి వచ్చి నోటు చేతిల పెట్టేటోడు ఒక రకంగ పోయిన కూలిని ఇస్తున్నడు. ఓట్లమ్ముకుంటరు అని మమ్ముల తిట్టేటోళ్లు హైదరాబాదుల సెలవు తీసుకోని ఇంట్ల పంటరు. 2020 గ్రేటర్ ఎన్నికలల్ల సగం మంది కూడ ఓటెయ్యలె. వాళ్లకు సెలవుకు జీతం వస్తది. మా వరసలు పొద్దుగాల ఏడింటికే ఉంటయి. 2013ల సుప్రీంకోర్టు చెప్పినంక నోటా వచ్చింది. ఎవ్వరూ నచ్చలేదని చెప్పే హక్కు అది. మంచిదే. నచ్చలేదని చెప్పనీకి కూడ వరసల నిలబడాలె గదా, ఇంట్ల కూసోని కాదు.

2024ల మూసీ ఒడ్డు ఇండ్ల గోడల మీద ఎర్రరంగుతోని ఆర్‌బీ-ఎక్స్ అని రాసిన్రు. నదీగర్భంల ఉన్నయి, కూలగొడ్తమని గుర్తు. చాదర్‌ఘాట్ దిక్కు కొన్ని కూలగొట్టిన్రు. కొందర్ని ఊరవతల డబుల్ బెడ్‌రూం ఇండ్లకు తోలిన్రు. 1908 వరదల్ల ఉస్మానియా దవాఖాన చింతచెట్టెక్కి నూటయాబై మంది బతికిన్రని ప్రతి ఏడు పేపర్లు రాస్తయి. ఈ మనుషులకు చెట్టు లేదు. ఒక ముసలామె కూలిన గోడ పక్కన మూట కట్టుకుంట అడిగింది నన్ను: "కొడుకా, నా ఓటు ఈడుంటదా, ఆడికొస్తదా?" ఇల్లు పోయిన పూట ఓటడుగుతున్నదేంది అని పక్కనున్న పిలగాడు నవ్విండు. ఆమెకు తెలుసు, ఓటు కార్డు అంటే నువ్వీడ ఉంటివనడానికి ఒక సాక్ష్యం. ఇల్లు కూలగొట్టేటోనికి కూడ ముందుగాల నీ పేరు లిస్టుల దొరకాలె.

ఇప్పుడు నన్ను తొలిచేది ఇంకొకటి. మా నాయిన దాసుకున్న ఆ చాటు సన్నబడుతున్నది. బ్యాలెట్ కాగితాల కాలంల చాన జాగల్ల బూత్‌లన్నీ కలిపి కుప్పబోసి లెక్కపెట్టేటోళ్లు. ఏ బస్తీ ఎవలకేసిందో దొరక్కపోయేది. మిషన్లు వచ్చినంక బూత్‌కు బూత్ లెక్క బయటపడుతది. ఫారం 20 అని కాగితం ఉంటది, ఎవ్వరైనా చూడొచ్చు. కొన్ని మిషన్ల ఓట్లు కలిపి లెక్కపెట్టే టోటలైజర్ పెడదామని ఎన్నికల సంఘం 2008లనే చెప్పింది, లా కమిషన్ 2015ల చెప్పింది. సర్కార్లు ఒప్పుకోలె. మనిషి ఓటు రహస్యమే, గానీ వాడకట్టు ఓటు రహస్యం కాదు. వెయ్యి మంది బూత్‌ల మావాళ్లు ఆరువందలుంటే ఆ లెక్క ఎవల మీద పడతదో చెప్పాల్నా? మొన్న మా బస్తీకి నల్లా నీళ్ల సంగతి అడగనీకి పోతే, లీడర్ పక్కన కూసున్న పిలగాడు ఫోన్ల కాగితం తీసి చూపిచ్చిండు. "అన్నా, మీ బూత్‌ల మాకు డెబ్బై ఒక్కటి పడ్డయి" అన్నడు. నీళ్ల సంగతి ఎత్తలె.

సేటు తల మీద చెయ్యి పెట్టిస్తే మా నాయిన అబద్ధమాడి తప్పించుకున్నడు. ఈ కాగితానికి ఏం చెప్పాల్నో మా పిల్లలతోని కూసోని మాట్లాడుతున్నం. టోటలైజర్ పెట్టాల్నని ఎన్నికల సంఘానికి ఒక అర్జీ రాసినం, గంజ్ హమాలీలు నలభై మంది సంతకాలు పెట్టిన్రు, పదకొండు మంది వేలిముద్రలేసిన్రు.